అండాలమ్మగారి కంప్యూటర్‌కి నేను చేసిన వైద్యం

తెలియక చెడగొట్టేవాళ్ళుంటారు, తెలిసి చెడగొట్టేవాళ్ళుంటారు. నేను మూడో రకం. సర్టిఫికెట్ తీసుకుని మరీ చెడగొట్టినవాణ్ణి. ఒక ఆదివారం పొద్దున్న పదింటికి శంషాబాద్ పక్కన ఒక ద్రాక్షతోటలో, కాస్త నెమ్మదించిన కంప్యూటర్ ముందు కూర్చుని, భోజనాల వేళకల్లా ఒక రైతమ్మ రెండు నెలల కష్టాన్నీ, ఆవిడ భర్తకున్న ఒకే ఒక్క కాలక్షేపాన్నీ బూడిదలో పోశాను. మా నాన్న పరువు మిగిలిందంటే అది నా ప్రతిభ కాదు. ఆ సంగతి చివర్లో చెబుతాను, అప్పటిదాకా నన్ను తిట్టుకోకుండా ఓపిక పట్టండి.

ఇది తొంభై ఏడో, తొంభై ఎనిమిదో. ఇప్పుడు విమానాలు దిగేవైపు అప్పుడు ద్రాక్ష పందిళ్ళుండేవి. మాది గుంటూరు వైపు. నాన్న ఉద్యోగరీత్యా రాజేంద్రనగర్‌లో స్థిరపడ్డాం. అక్కడ జరిగే రైతుల సదస్సులకు కుర్చీలు వేయించడం దగ్గర్నుంచి ఉపన్యాసకులకు ఉత్తరాలు రాయడం దాకా అన్నీ ఆయనే చూసేవారు. నేను డిగ్రీ అయ్యాక మైలార్‌దేవ్‌పల్లిలో ఒక బట్టలకొట్టు మేడ మీద మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేశాను. ఒక్కో కంప్యూటర్‌కి నలుగురం. నా వంతు వచ్చేసరికి కరెంటు పోయేది. అయినా చివర్లో సర్టిఫికెట్ మాత్రం నలుగురికీ నాలుగిచ్చారు. నాన్న దానికి అద్దం కట్టించి, హాల్లో వేంకటేశ్వరస్వామి పటం పక్కన వేలాడదీశారు. వచ్చినవాళ్ళు స్వామికి దణ్ణం పెడుతుంటే నేను సర్టిఫికెట్ కింద నిలబడేవాణ్ణి, ఎందుకైనా మంచిదని.

అండాలమ్మగారు నాన్నకు సదస్సుల ద్వారా పరిచయం. ఏడో తరగతితో చదువు ఆపేసి, నలభై ఎనిమిదో ఏట కంప్యూటర్ నేర్చుకోవడం మొదలుపెట్టిన మనిషి. అంతకు ముందేడు అకాల వానలకు ఆవిడ అనాబ్‌షాహి ద్రాక్షతోట బూజు తెగులు పట్టి సగం పోయింది. చుట్టుపక్కల చాలామంది పందిళ్ళు పీకేశారు. ఆవిడ పీకలేదు. ఏ తీగ ఎక్కడ కోసిందీ, ఏ మందు ఎప్పుడు కొట్టిందీ, ఏది పనిచేయలేదో కూడా దాచకుండా రాసుకుంటూ తోటను మళ్ళీ నిలబెట్టింది. ఆ కథను మంగళవారం జరగబోయే సదస్సులో చెప్పాలి. వాళ్ళ ఊరినుంచి ఒక ఆడమనిషి అలాంటి వేదిక ఎక్కడం అదే మొదలు. దానికోసం రెండు నెలలుగా ఒంటి వేలితో తెలుగులో పద్దెనిమిది పేజీలు కొట్టింది. సోమవారం ఆవిడ తమ్ముడు ఊరినుంచి తిరిగొచ్చి, ప్రింటర్ తెచ్చి, వాటిని కాగితాల మీదికి దించాలి. చివరి పేజీలకు వచ్చేసరికి కంప్యూటర్ నత్తలా తయారైంది, ఇంకా ఒక పేజీ కొట్టాల్సి ఉంది. ఒక అక్షరం కొడితే అది తెర మీదికి వచ్చేలోపు ఆవిడ వెళ్ళి పొయ్యి మీద పప్పు కలిపి రావచ్చట.

ఈ మాట నాన్న చెవిన పడింది. "మావాడు కంప్యూటర్ చదివాడమ్మా, పంపిస్తాను" అన్నారు. ఆ గొంతులో ఎంత గర్వమంటే, నేను ఇప్పటికీ ఆ వాక్యాన్ని తలుచుకుంటే ముందు ఛాతీ ఉబ్బుతుంది, తర్వాత తల వంగుతుంది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, టక్ చేసి, ఆరాంఘర్‌లో బస్సు పట్టుకున్నాను. శంషాబాద్‌లో దిగితే ఆవిడ భర్త మల్లయ్యగారు స్కూటర్ తెచ్చి ఎదురుచూస్తున్నారు. నా చేతిలో సంచీ చూసి సామాన్లా అని అడిగారు. అందులో ఉన్నది ఒక స్క్రూడ్రైవరూ, సర్టిఫికెట్ జిరాక్సు కాపీనూ. ఏ వైద్యుడైనా పట్టా లేకుండా రోగి దగ్గరికి వెళ్తాడా?

కంప్యూటర్ పందిట్లోకి తెరుచుకునే గదిలో ఉంది. దాని మీద కుట్టుపూల గుడ్డ. తమ్ముడి ఆఫీసువాళ్ళు కొత్తవి కొనుక్కుని పాతవి తీసేస్తుంటే, ఒకటి దుప్పటిలో చుట్టి తెచ్చి అక్కకిచ్చాడట. అప్పటికి దసరా వెళ్ళి రెండు వారాలు. ఆయుధపూజలో కత్తెరలకీ, మందు కొట్టే పంపుకీ, మోటారు స్టార్టర్‌కీ పెట్టినట్టే దీనికీ పసుపూ కుంకుమా పెట్టారు. తెర నుదుటన ఒకటి, పెట్టె ముందున్న మీటలన్నింటి మీదా ఒక్కోటి. ఎండిపోయిన చామంతి ఒకటి ఇంకా పైన ఉంది. నేను ఆ బొట్లను చెరపకుండా ఎంతో భక్తిగా పవరు మీట నొక్కాను. ఆ రోజంతటిలో నేను చూపించిన జాగ్రత్త అదొక్కటే, అదే కొంప ముంచింది.

పెట్టె ముందు ఎర్రటి అంకెలు వెలిగాయి. ముప్పై మూడు. అండాలమ్మగారు నా పక్కనే పీట వేసుకుని కూర్చుంది. ఆవిడ ఆ అంకెల వైపు వేలు చూపించింది.

"పండుగ ముంగట గీడ అరవై ఆరు ఉండె బిడ్డా. ఇప్పుడు ముప్పై మూడు అయింది. గదేమన్న చూడాల్నా?"

పాఠకులారా, వినండి. రోగి తనకున్న రోగం పేరు, వచ్చిన తేదీ, అన్నీ వైద్యుడి చేతిలో పెట్టిన క్షణమది. మా కోర్సులోని కంప్యూటర్లకు అంకెల గొడవ లేదు. కానీ తెలియదనడం నా సిలబస్‌లో లేదు. అది గది వేడి అన్నాను. చలికాలం వస్తోంది కదా, తగ్గిందన్నాను.

అరవై ఆరంటే మనం ఉడికిపోమా అని అడిగింది ఆవిడ. అది మన కొలత కాదు, ఫారిన్ కొలత అన్నాను. ఆవిడ తల ఊపింది. అది ఒప్పుకుని ఊపిన తల కాదని నాకప్పుడు తెలియలేదు.

ఇక చికిత్స మొదలుపెట్టాను. లోపల చెత్త పేరుకుంటే కంప్యూటర్ నెమ్మదిస్తుందని మా మాస్టారు ఒకసారి చెప్పారు. ఏది చెత్తో చెప్పబోతుండగా కరెంటు పోయింది. కాబట్టి ఆ నిర్ణయం నేనే తీసుకోవాల్సి వచ్చింది. మొదట పేకముక్కల ఆట కనిపించింది. తీసేశాను. బయట మంచం మీదున్న మల్లయ్యగారు ఏం తీశావని అడిగితే, అనవసరమైనవన్నీ అన్నాను. మధ్యాహ్నం పూట ఆయన ఆ ఆట ఆడుకుంటారని, అక్కడ తప్ప ఇంకెక్కడా పేక ముట్టనని అండాలమ్మగారికి మాటిచ్చారని నాకెలా తెలుస్తుంది?

తర్వాత పాత ఆఫీసు ఉత్తరాలు తీసేశాను. అంతవరకూ నష్టం లేదు. ఆ పైన అక్షరాల రూపులు దాచుకునే చోటికి వెళ్ళాను. వీటిని ఫాంట్లంటారు. పదులకొద్దీ ఉన్నాయి. ఒక ఇంటికి ఇన్ని రకాల అక్షరాలెందుకని తెగ కోసేశాను. వాటి మధ్య 'వనజ' అని ఒకటి కనిపించింది. ఇంగ్లీషు పేర్ల నడుమ ఈ అమ్మాయెవరా అనుకున్నాను. ఆ ఆఫీసులో పనిచేసే వనజగారెవరో తన సొంత ఫైలు మరిచిపోయి ఉంటుందని తీర్మానించి, పరాయి ఆడవాళ్ళ ఫైలు చూడటం మర్యాద కాదని, తెరవకుండానే తీసేశాను. పొరపాటున తీసినవాటిని తిరిగి తెచ్చుకునేందుకు లోపల ఒక చెత్తబుట్ట ఉంటుంది. శుభ్రత కోసం దాన్ని కూడా ఖాళీ చేశాను.

అన్నీ అయ్యాక చేతులు దులుపుకుని, మీ కాగితాలు తెరవండి, ఎంత జోరుగా వస్తాయో చూద్దురుగాని అన్నాను. ఆవిడ మౌస్‌ను రెండు చేతులా పట్టుకుని నొక్కింది. వెనకటికంటే ఒక్క క్షణం కూడా ముందు రాలేదు. వచ్చాక చూస్తే పద్దెనిమిది పేజీల్లో ఒక్క తెలుగు అక్షరం లేదు. అడ్డదిడ్డంగా ఇంగ్లీషు అక్షరాలు, నక్షత్రాలు, కొక్కేలు, ఎవరో పిడికెడు మేకులు చల్లినట్టు.

నా గుండె జారింది. కానీ సర్టిఫికెట్ నిలబెట్టింది.

"వైరస్ పిన్నిగారూ" అన్నాను.

అదేమిటని అడిగింది. తోటకి తెగులు పట్టినట్టు కంప్యూటర్‌కి పట్టేదని చెప్పాను. ఇక్కడే నేను చేయకూడని పని చేశాను. తెగుళ్ళతో పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి ముందు తెగులు పేరెత్తాను.

"తెగులైతే ఒక ఆకు మీద మొదలైతది" అంది ఆవిడ నిదానంగా. "గిది అన్ని ఆకులకు ఒక్కపారే ఎట్లొస్తది? పొద్దుగాల నేను చూసినప్పుడు మంచిగుండె. నువ్వేమన్న తీసినవా బిడ్డా?"

నాకు రోషం వచ్చింది. నేను తీసినవన్నీ చెత్త అన్నాను. ఈ కాగితాన్ని ఇలాగే వదిలేస్తే తెగులు కంప్యూటర్ అంతా పాకి, రేపు మీ తమ్ముడు వచ్చేసరికి ఇనప డొక్కు మిగులుతుందన్నాను. పట్టిన కొమ్మ కోసేయకపోతే తోట దక్కుతుందా, మీరే చెప్పండి అన్నాను. ముందేడు సగం తోటను తన చేత్తోనే కోసి తగలబెట్టిన మనిషి ఆవిడ. తెర వైపు చాలాసేపు చూసింది.

"తోట బతకాల్నంటే తియ్యాల్నా?"

"తీయాలండీ."

"అట్లయితే తియ్యి" అని, మొహం పందిరి వైపు తిప్పుకుంది.

తీశాను. రెండు నెలల ఒంటివేలి శ్రమను ఒక్క నొక్కుతో తీశాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. వెతికే తొందరలో ఊరికి నిప్పు పెట్టినవాడి గురించి సామెత లేదు, ఆ ఖాళీ నాతో నింపుకోవచ్చు. తీసేశాక కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేశాను. అదే నత్త. అదే ముప్పై మూడు. తెర మీద గడియారం బొమ్మ తిరుగుతూనే ఉంది. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"బతికిందా?" అని అడిగింది ఆవిడ.

మంగళవారం వేదిక మీద ఆవిడ ఖాళీ చేతులతో నిలబడటం, కింద కుర్చీలు వేయిస్తూ మా నాన్న తలెత్తి చూడటం కళ్ళకు కట్టింది. సిగ్గుతో చచ్చిపోయానంటే అతిశయోక్తి కాదు. ఆ రోజు చెప్పిన మాటల్లో అతిశయోక్తి లేనిది అదొక్కటే.

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. కర్ర కోసమే అనుకున్నాను, న్యాయంగా అదే రావాలి. కానీ ఆవిడ ఒక చేత్తో పొడుగు నోటుబుక్కూ, ఇంకో చేత్తో చీరల సందుగలోంచి తీసిన, పట్టుచీర వాసన కొట్టే ఫ్లాపీల పెట్టె పట్టుకుని వచ్చింది.

"విత్తనమంత ఒక్క గుమ్మిలనే పొయ్యం బిడ్డా" అంది. "దినాం కొట్టినంక ఇందుల ఒకటి దించి సందుగల దాస్తున్న. అందుకే తియ్యమన్న. లేకుంటే నీ చెయ్యి విరగ్గొట్టకపోతునా."

ఆ మాట వినగానే ఆవిడ కాళ్ళ మీద పడదామనిపించింది. కంప్యూటర్‌లో ఫ్లాపీ పెట్టి తెరిచాను. మళ్ళీ అవే మేకులు, అవే కొక్కేలు. నేను కుర్చీలో కూలబడ్డాను, దీనికీ అంటుకుందన్నాను. అప్పుడు అండాలమ్మగారు నా జీవితంలో నేను విన్న అన్ని కంప్యూటర్ పాఠాల్లోకీ గొప్ప పాఠం చెప్పింది.

"ఇది నిన్నటి సంది సందుగల ఉన్నది. సందుగల దానికి తెగులెట్ల అంటుతది? తప్పు కాయితంల లేదు, చదివేదాంట్ల ఉన్నది. పొద్దుగాల సంది ఏమేం కోసినవో వరసగ చెప్పు."

నాకు గుర్తున్నంతవరకూ చెప్పాను. కోసేవాడు కోసింది రాసుకోవద్దా అని మధ్యలో ఒకసారి అడిగింది. నేను ఆ ప్రశ్న వినపడనట్టు ముందుకు పోయాను. పేకాట దగ్గర బయట మంచం కిర్రుమంది. వనజ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"వనజను తీసినవా?"

వనజెవరని మల్లయ్యగారు గుమ్మంలోకి వచ్చారు. ఆవిడ నోటుబుక్కులో మొదటి పేజీ తీసి నా ముందు పెట్టింది. తమ్ముడు చెబుతుంటే ఆవిడ గుండ్రటి అక్షరాలతో రాసుకున్నది. పైనే ఉంది, రెండు గీతలు గీసి మరీ: 'వనజ అంటే తెలుగు అక్షరాలు. వనజ లేకపోతే తెలుగు కనపడదు. వనజ ఫ్లాపీ పచ్చది.' కింద ఆ పచ్చ ఫ్లాపీలోంచి అక్షరాలను మళ్ళీ ఎలా ఎక్కించాలో పదకొండు మెట్లుగా ఉంది. నేను చదువుతూ పోయాను, ఆవిడ నొక్కుతూ పోయింది. మౌస్ నాకివ్వలేదు. నేను అడగలేదు.

పదకొండో మెట్టు దిగాక కాగితం తెరిచింది. మేకులన్నీ లేచి తెలుగై నిలబడ్డాయి. 'మా తోట చచ్చిపోయిందని అందరూ అన్నారు' అన్నది మొదటి వాక్యం. అది చదివి నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నా వైపు చూడకుండా, ముందు అన్నం తిను అంది.

తిన్నాను. ఆకలి మాత్రం సిగ్గుపడలేదు. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆవిడ తడిగుడ్డ తెచ్చి, ఎలాగూ పండుగ అయిపోయింది కదా అని, ఎండిన చామంతి తీసేసి కంప్యూటర్ పెట్టెను తుడవడం మొదలుపెట్టింది. మీటల దగ్గరికి రాగానే ఆవిడ చెయ్యి ఆగింది. ఒక మీట మిగతావాటికంటే లోపలికి పోయి ఉంది. దాని మీద పసుపు గట్టిపడి, రాసిన అక్షరాలు కనపడటం లేదు.

"దసరానాడు అన్నింటికి బొట్టు పెడుతుంటె ఇది టక్కుమన్నది" అంది. "మొక్కు అందిందనుకున్న."

ఆ ముద్దను గోటితో గీకింది. కింద ఇంగ్లీషులో ఏదో ఉంది. ముట్టుకోవద్దండీ, ప్రమాదం అన్నాను. ఆవిడ నన్ను ఒకసారి పైనుంచి కిందకి చూసింది. ప్రమాదం ఎవరో నిర్ణయించుకున్నట్టుంది. మీట నొక్కింది. టక్ మని అది బయటికొచ్చింది.

ఎర్రటి అంకెలు మారాయి. అరవై ఆరు.

కంప్యూటర్ వేగం పెంచేందుకూ తగ్గించేందుకూ ఆ కాలపు పెట్టెలకు ఒక మీట ఉండేదని నేను తర్వాత తెలుసుకున్నాను. ఆ అంకెలు దాని వేగమే. అండాలమ్మగారు ఒక అక్షరం కొట్టింది. వేలు తీసేలోపే తెర మీదుంది. ఇంకోటి కొట్టింది. చిన్నపిల్లలా నవ్వింది. తర్వాత చాలా గంభీరంగా నన్ను అడిగింది.

"మరి గది వేడి పెరిగినట్టేనా బిడ్డా?"

మల్లయ్యగారు నన్ను స్కూటర్ మీద తీసుకెళ్ళి బస్సెక్కించారు. దారిపొడుగునా ఒక్కటే మాట. వనజ తిరిగొచ్చింది, అరవై ఆరు తిరిగొచ్చింది, నా పేకలెప్పుడొస్తయి అని.

మంగళవారం సదస్సుకి వెళ్ళకూడదనుకున్నాను. నాన్న లాక్కుపోయారు. కుర్చీలు వేయిస్తూ, వచ్చిన ప్రతివాడికీ, అండాలమ్మగారి కంప్యూటర్ మావాడే బాగుచేశాడని చెబుతున్నారు. నేను చివరి వరసలో స్తంభం వెనక కూర్చున్నాను. ఆవిడ రాగానే నాన్న ఎదురెళ్ళి, మావాడు పనికొచ్చాడా అమ్మా అని అడిగారు.

"మీ కొడుకు రాకుంటె నా కంప్యూటర్‌ల ఏముందో నాకు గింత తెల్వకపోయేది సారూ" అంది ఆవిడ.

అందులో ఒక్క అబద్ధం లేదు. నాన్న ఆ మాటను రిటైరయ్యేదాకా చెప్పుకున్నారు. నేను ఒక్కసారి కూడా సరిదిద్దలేదు.

ఆవిడ అచ్చయిన కాగితాలతో వేదిక ఎక్కింది. పాతికేళ్ళ తోటను, సగం పోయిన తోటను, నిలబెట్టిన తోటను ఆవిడ తడబడకుండా చెప్పింది. ఆవిడ ఒక్కో కాగితం తిప్పినప్పుడల్లా నాకు గర్వంతో ఒళ్ళు పులకరించింది. వాటిలో నా పాత్ర ఏమిటో తెలిసి కూడా పులకరించింది. చివర్లో ఆవిడ పంతొమ్మిదో పేజీ తీసింది. అది ఆదివారం నేను వెళ్ళాక కొట్టిన పేజీ.

"తోట నెమ్మదించిందని కత్తెర పట్టుకోని ఉరకొద్దు" అని చదివింది. "పోయిన పండుగ సంది ఏం మారిందో ముందు యాది చేసుకోవాలె. పేరు తెల్వని కొమ్మ కొయ్యొద్దు. కోసింది రాసిపెట్టుకోవాలె. విత్తనం రెండు తావుల దాచుకోవాలె. సర్టిఫికెట్ ఉన్నోళ్ళొచ్చి చెప్పినా సరే."

అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది, కుర్చీల పని ముగించి నా పక్కకొచ్చి కూర్చున్న మా నాన్న. కొట్టి, నా వైపు వంగి, జేబులోంచి పెన్ను తీసి నాకిచ్చారు.

"రాసుకోరా. నీలాంటివాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు గానీ, పైకొచ్చేవాడికి పనికొస్తుంది."

రాసుకున్నాను. కాబట్టి, ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని, పసుపు కుంకుమల సాక్షిగా, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నేనిక ఎవరి కంప్యూటర్ ముందైనా కూర్చుంటే, దాని యజమానిని కింద పీట మీద కాదు, కుర్చీలో కూర్చోబెట్టి, పోయిన పండుగ నుంచి ఏం మారిందని ముందడుగుతాను. వాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా మౌస్ ముట్టుకోను. పేరు తెలియని ఫైలు తీయను. వనజ అన్న పేరున్న ఎవరి జోలికీ పోను. ఇదంతా రాసి రెండు తావుల దాచాను. ఇక మల్లయ్యగారి పేకలొక్కటే బాకీ.